శ్రియక్క నేర్పబోయిన మౌనం

శ్రియలత గొంతు గురించి ముందు చెప్పాలి. మా కుట్టు హాల్లో మెషిన్లన్నీ ఒక్కసారి నడుస్తుంటే పక్క మనిషి చెవిలో నోరు పెట్టి చెప్పినా వినపడదు. అలాంటి చోట ఆమె లైను ఈ చివర నిలబడి, "సుజీవా, ఆ కాలరు తిరగేసి కుడుతున్నావు, కళ్ళెక్కడున్నాయ్?" అంటే ఆ చివర కూర్చున్న నాకు సూదిలా దిగేది. సుజీవ అంటే నేనే. శ్రియలత మా సూపర్‌వైజరు. ఫ్యాక్టరీలున్న జోన్ గేటు లోపల 'మిస్' అనాలి, గేటు దాటితే 'అక్కా' అనొచ్చు. మేం అద్దెకుండే బోర్డింగ్‌లో ఇద్దరిదీ ఒకే గది. పగలు తిట్టిన నోటితోనే సాయంత్రం "తిన్నావా చెల్లీ?" అని అడిగేది. పగటి తిట్టు ఆమెకి గుర్తుండేది కాదు. నాకుండేది.

ఆమెది వెల్లవాయ దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళకే కొలంబో దగ్గర కటునాయక ఎగుమతుల జోన్‌కి వచ్చి, మెషిను మీద కూర్చుని, తర్వాత సూపర్‌వైజరయింది. ఒక పెళ్ళి కుదిరి తప్పిపోయాక మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పౌర్ణమి నాడు తెల్లబట్టలు కట్టుకుని బుద్ధుడి గుడికి వెళ్ళి, ఆ రోజంతా పాటించే శీలాలు తీసుకునేది కానీ అక్కడ కూడా పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఉండేదట. గదిలో రేడియో ఆగకూడదు. భిక్షువుల ప్రవచనమైనా, క్రికెట్టైనా, సబ్బుల ప్రకటనలైనా సరే, ఏదో ఒకటి మోగుతుంటేనే ఆమెకి నిద్ర. కరెంటు పోతే లేచి కూర్చుని, "సుజీవా, పడుకున్నావా? ఏదైనా మాట్లాడవే" అనేది. చీకటంటే భయమేమో అనుకునేదాన్ని.

ఇషార సంగతి ఏప్రిల్ నెలలో జరిగింది. కొత్త సంవత్సరానికి ముందు ఎండలు మండిపోయే రోజులు, పెద్ద ఆర్డరు ఓడ ఎక్కాల్సిన సమయం. ఇషార కురుణేగల వైపు పిల్ల, పెళ్ళయి ఏడాది కాలేదు, మొగుడు ఆటో నడుపుతాడు. కడుపుతో ఉన్నానని ఎవరికీ చెప్పలేదు. చెబితే తేలిక పనికని పక్కకి తప్పించి, ఆ పైన మెల్లగా ఇంటికి పంపేస్తారని భయం.

ఆ రోజు టీ వేళ కాకముందే చెయ్యెత్తింది. "మిస్, కడుపులో ఏదోలా ఉంది. మెడికల్ రూమ్‌కి వెళ్ళొస్తాను."

"ఆ కట్ట అయిపోనీ, వెళ్దువుగాని" అంది శ్రియలత.

కాసేపటికి మళ్ళీ అడిగింది. శ్రియలత దగ్గరికెళ్ళి భుజం తట్టింది. కోపంగా కూడా కాదు. "నువ్వు లేస్తే లైనంతా ఆగిపోద్ది చెల్లీ. ఇంకొంచెం ఓర్చుకో."

ఇషార మూడోసారి అడగలేదు. మెషిను మీదకి వాలిపోయింది. ఇద్దరు లేపి మోసుకెళ్తుంటే ఆమె కూర్చున్న స్టూలు మీద రక్తం కనిపించింది. హాలంతా చూసింది. మెషిన్లు మాత్రం ఆగలేదు. బిడ్డ పోయిందని ఆ సాయంత్రానికి తెలిసింది.

తర్వాత వారాల్లో హాల్లో గాలి మారిపోయింది. టీ తర్వాత లైను మీది పిల్లలు కుర్చీల్లోంచి లేవడానికి బద్ధకించేవారు. శ్రియలత అరిస్తే తలెత్తి తేరిపార చూసేవారు, జవాబు చెప్పేవారు కాదు. ఆ చూపుకి ఆమె గొంతు సగంలో తెగిపోయేది. అలాంటి సమయంలో మా సిబ్బంది వ్యవహారాలు చూసే చింతక సర్ ఆమెని పిలిపించాడు. సన్నగా, శుభ్రంగా ఉండే మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు.

"పిల్లల మనసులు చెదిరిపోయున్నాయి మిస్ శ్రియలత. వాళ్ళకి ఎరుక ధ్యానం నేర్పిద్దామని పైవాళ్ళ ఆలోచన. రోజూ కాసేపు కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చుంటే అన్నీ సర్దుకుంటాయి. మీరు శీలాలు పాటిస్తారు, మీ మాట వింటారు. మిమ్మల్ని కొండమీద ఒక మంచి టీచర్ దగ్గరికి పంపిస్తాం. నేర్చుకునొచ్చి మీరే నేర్పండి."

గదికొచ్చి ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె మొహం వెలిగిపోతోంది. లైను మీదనుంచి, ఆ చూపుల నుంచి తప్పించుకునే దారి దొరికిందని నాకర్థమైంది.

"ఎరుక అంటే ఏంటక్కా?" అనడిగాను.

"ఊపిరి పీల్చేటప్పుడు పీలుస్తున్నానని తెలిసుండటం."

"అది తెలియకపోతే చచ్చిపోయినట్టేగా."

"నీకన్నీ ఎకసెక్కాలే" అని రేడియో పెంచింది.

ఆ కొండ క్యాండీకి పైన, తేయాకు తోటలు దాటాక ఉంది. కరెంటు లేదు. రాతిగోడల చిన్న గదులు, ఒక ధ్యానశాల, వంటిల్లు. నడిపే ఆవిడ బిసోమెనికె, ఊరి బడిలో పంతులమ్మగా చేసి మానేసిన ముసలావిడ. నేర్చుకోడానికి వచ్చినవాళ్ళు ముందు ఒక విడత మౌనంగా ఉండాలి, ఆ తర్వాతే నేర్పడం నేర్చుకోవాలి. అక్కడ జరిగినవన్నీ శ్రియక్క తర్వాత నాకు చెప్పింది, కొన్ని నవ్వుతూ, కొన్ని గోడవైపు తిరిగి.

మొదటి రోజులు ఆమె మౌనాన్ని మోసం చేసింది. గిన్నెలు తోమేటప్పుడు కావాలని చప్పుడు చేసేది. కాలికి పట్టిన జలగతో "నీకు నా రక్తమే దొరికిందటే?" అని గుసగుసలాడేది. తన గదిలో మా లైను పిల్లల పేర్లన్నీ పైకి అనుకునేది, ఇషార పేరొచ్చేసరికి ఆగిపోయేది. పొద్దున ఆకుగంజి తాగుతూ బెల్లంముక్క కొరుకుతుంటే తన పళ్ళ చప్పుడు తనకే పెద్ద ఊరేగింపులా వినపడేదట. అందరి ముందూ సిగ్గేసి బెల్లం మానేసింది.

ఒక సాయంత్రం, దీపాలు ముట్టించే వేళ, ధ్యానశాలలో అందరూ కూర్చుని ఉన్నారు. వాన వెలిసింది. వంటింట్లో ఎవరో కొబ్బరి తురుముతున్నారు. ఆ వాసన తగలగానే శ్రియలతకి ఊపిరాడలేదు. నోటి మీద ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టయింది. లేచి, పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ బయటికి పరిగెత్తి, పనసచెట్టు కింద బురదలో కూలబడింది.

బిసోమెనికె వచ్చి పక్కన చిన్న పీట వేసుకు కూర్చుంది. అప్పుడు శ్రియలత చెప్పింది. నాతో ఒకే గదిలో అన్నేళ్ళుండి ఎప్పుడూ చెప్పని సంగతి.

ఎనభై తొమ్మిదిలో ఆమెకి పదేళ్ళు. దక్షిణాన తిరుగుబాటుదార్లని వెతుకుతూ సైనికులు కుర్రాళ్ళని ఇళ్ళలోంచి ఎత్తుకుపోతున్న రోజులు. ఆమె అన్న తిస్స కాలేజీలో చదివేవాడు. ఒకనాడు దీపాల వేళ జీపు వచ్చి వాకిట్లో ఆగింది. తిస్సని పెరటి వైపునుంచి పట్టుకుని ఈడ్చుకెళ్తుంటే శ్రియలత అన్నా అని అరవబోయింది. కొబ్బరి తురుముతున్న అమ్మ అదే చేత్తో ఆమె నోరు మూసింది. గట్టిగా, పెదవి పంటికి తెగేలా. జీపు వెళ్ళిపోయింది. తిస్స మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు అనలేదు. అన్నం పెట్టేటప్పుడు గరిటె చప్పుడు, పడుకునేటప్పుడు చాప చప్పుడు, అంతే. ఆ ఇంటినుంచి పారిపోయి వచ్చినట్టే ఆమె జోన్‌కి వచ్చింది. మెషిన్ల హోరు మొదటిసారి విన్నప్పుడు ప్రాణానికి హాయిగా అనిపించిందట.

"నేను అరిచుంటే ఊరు కదిలేది టీచర్. ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు" అంది.

బిసోమెనికె ఏమీ అనలేదు. చాలాసేపు అనలేదు. చెట్టునుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. శ్రియలతకి కోపం వచ్చింది.

"ఏదో ఒకటి చెప్పండి టీచర్! రాయిలా కూర్చుంటారేం?"

"నువ్వింకా పూర్తి చెయ్యలేదనుకున్నాను" అంది ముసలావిడ.

ఆ మాటతో, ఎక్కడినుంచి వచ్చిందో, ఇషార సంగతి మొత్తం బయటికొచ్చింది. రెండుసార్లు అడగడం, తను భుజం తట్టడం, స్టూలు. చెబుతూ చెబుతూ వెక్కిళ్ళు పెట్టింది. బిసోమెనికె ఓదార్చలేదు, తప్పనీ అనలేదు, తప్పు కాదనీ అనలేదు. చివరికి లేచి, పీట చంకన పెట్టుకుని, "లోపలికి రా, జలుబు చేస్తుంది" అంది.

ఆ తర్వాత మౌనం ఆమెకి తేలికైపోయిందని కాదు. కానీ ఒక తెల్లవారుజామున వంటింటి గట్టుమీద కూర్చుని ఉంటే, మంచులో ఏమీ కనపడక, కింద తోటలో ఎవరో దగ్గడం, పొయ్యిమీద నీళ్ళు సన్నగా పాడటం, తన కడుపు గుర్రుమనడం, అన్నీ విడివిడిగా వినపడ్డాయట. వాటిలో దేన్నీ ఆపాలనిపించలేదు. దేనికీ జవాబు చెప్పాలనిపించలేదు. "అంతసేపు నేనెవరినీ అదిలించకుండా ఉండటం అదే మొదటిసారి సుజీవా" అంది.

మౌనం విడత అయ్యాక నేర్పడం మొదలైంది. ఒకరు నేర్పాలి, మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. శ్రియలత వంతు వచ్చింది. "ఊపిరి పీల్చండి. పీలుస్తున్నామని గమనించండి. వదలండి. భుజాలు వదులు చెయ్యండి. మెడ నిటారుగా. ఆలోచన వస్తే రానివ్వండి. పోతే పోనివ్వండి. మళ్ళీ పీల్చండి..." అంటూ లైను నడిపినట్టు నడిపింది.

కళ్ళు తెరిచాక ఆమెతోపాటు నేర్చుకుంటున్న నర్సు ఒకామె నవ్వింది. "సూది గుచ్చేటప్పుడు పిల్లలు ఏడవకుండా నేను ఇట్లాగే గలగలా వాగుతుంటాను."

బిసోమెనికె మాత్రం నవ్వలేదు. "వాళ్ళు మాట్లాడకుండా ఉంటే నీకు భయం. అందుకే ఆ కాస్త చోటూ నువ్వే నింపేస్తున్నావు. ఈసారి ఒక్క మాట చెప్పి ఊరుకో. నీకు గొంతుదాకా వస్తుంది, మింగు."

అది నేర్చుకోడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది. మాట మింగితే నిజంగానే గొంతు నొప్పి పుట్టేదట.

కొండ దిగి వస్తూ ఆమె తిన్నగా జోన్‌కి రాలేదు. బస్సులు మారి వెల్లవాయ వెళ్ళింది. తల్లి ఆ పాత ఇంట్లోనే చెల్లెలి కుటుంబంతో ఉంటుంది. తల్లి పక్కన గట్టుమీద కూర్చుని ఏమీ అడగకుండా ఊరుకుంది. మధ్యాహ్నం గడిచింది. తల్లికే విసుగొచ్చింది.

"ఏంటే, నోరు పడిపోయిందా? వచ్చినకాడినుంచీ ఉలుకూ పలుకూ లేదు."

"ఆ రోజు నువ్వు నా నోరెందుకు మూశావమ్మా?"

ఏ రోజని తల్లి అడగలేదు. చేతిలోని ఆకుకూర పళ్ళెంలో పడేసింది. "ఇన్నేళ్ళూ నా చెయ్యే పాపం చేసిందనుకుంటున్నావా?"

"అనుకున్నాను."

"నువ్వు అరిస్తే వినపడనంత దూరంలో ఎవరున్నారే? ఎదురింటాయన అరుగుమీదే కూర్చుని వక్క నములుతున్నాడు. పక్కింటి తలుపు తీసే ఉంది. జీపు వెళ్ళేదాకా అందరూ చూశారు, వెళ్ళాక తలుపులేసుకున్నారు. వాళ్ళకి తెలీక రాలేదనుకున్నావా? నువ్వు అరిస్తే నిన్నూ ఎక్కించేవాళ్ళు. నిన్నైనా మిగుల్చుకుందామని మూశాను." కాసేపాగి, "వాడు ఆ పొద్దున అన్నం సగమే తిన్నాడు" అంది.

అన్నేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో తిస్స గురించి మాట్లాడారు. ఏడవలేదట ఇద్దరూ. చెల్లెలు వచ్చి దీపం పెట్టేదాకా అలాగే కూర్చున్నారు.

కటునాయక తిరిగొచ్చిన సాయంత్రం శ్రియక్క రేడియో కట్టేసింది. నాకు చెవులు గుయ్యిమన్నాయి. "ఏమయిందక్కా, ఒంట్లో బాలేదా?" అన్నాను. అప్పుడు చెప్పింది ఇదంతా. చెప్పడం అయిపోయాక ఒక మాటంది. "హాల్లో కూడా అందరికీ కనపడింది సుజీవా. ఆ పిల్ల అడగడం అందరికీ వినపడింది. అరుగు మీదున్నది ఈసారి నేను."

టీ తర్వాత భోజనాల హాల్లో తరగతి మొదలైంది. కుర్చీలు గుండ్రంగా వేశారు. బల్లమీద చిన్న ఇత్తడి గంట. వచ్చిన పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"కళ్ళు మూసుకుంటే టార్గెట్ తగ్గిస్తారా మిస్?" అంది ఒకతి.

"గురక పెడితే జీతం కోస్తారా?" అంది ఇంకొకతి. నవ్వులు.

పాత శ్రియలత అయితే ఒక్క కేక వేసేది. ఇప్పుడు నవ్వు అయిపోయేదాకా ఆగింది. గంట కొట్టి, "ఊపిరి ఎక్కడ తెలుస్తుందో అక్కడ చూడండి" అని ఊరుకుంది. మొదటి రోజు అందరం ఓరకంట ఆమెనే చూశాం, ఎప్పుడు అరుస్తుందా అని. అరవలేదు. కొన్నాళ్ళకి మాకే అలవాటయింది. హోరులోంచి వచ్చి ఆ కాసేపు కూర్చుంటే, కాళ్ళు ఎంత వాచాయో అప్పుడు తెలిసేది. నిజం చెప్పాలంటే అది సుఖంగా ఉండేది కాదు. ఒకమ్మాయి ఏడ్చేది. ఒకామె ఊళ్ళో వదిలేసి వచ్చిన కూతురి గురించి చెప్పేది. శ్రియక్క వినేది. తలూపడం కూడా తక్కువే.

ఇషార అప్పటికి పనిలోకి వచ్చింది. బట్టలు తనిఖీ చేసే విభాగానికి మార్చారు. తరగతికి రావడం తప్పనిసరి కాబట్టి వచ్చేది, తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేది, కళ్ళు మూసేది కాదు. ఒకరోజు బయట కుళాయి దగ్గర శ్రియక్క ఆమెని ఆపింది.

"ఇషారా, ఆ రోజు నేను..."

"ఇప్పుడెందుకు మిస్?" అంది ఇషార. సీసా నింపుకుని, మూత పెట్టుకుని, వెళ్ళిపోయింది.

ఆ పూట శ్రియక్క అన్నం ముట్టలేదు. "నా బరువు దించుకుందామని వెళ్ళాను. ఆ పిల్లకి అది తెలిసిపోయింది" అంది.

మరోవైపు చింతక సర్ వదలడం లేదు. తరగతి అయ్యాక పిలిచి మెత్తగా అడిగేవాడు. "ఏం మాట్లాడుకుంటున్నారు వాళ్ళు? ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారు?"

"వాళ్ళ సొంత సంగతులు సర్."

"ఇషార మాట్లాడుతోందా?"

"లేదు."

"మాట్లాడనివ్వకండి. మేం నేర్పమన్నది మౌనం. మిమ్మల్ని కొండమీదకి పంపింది కంపెనీ అని గుర్తుంచుకోండి."

"వాళ్ళ మాటలు వాళ్ళవి సర్. నేను మోసుకురాలేను."

అతను చిరునవ్వు నవ్వాడట.

ఆ ఏడాది చివర్లో మేం కుట్టే బట్టలు కొనే కంపెనీవాళ్ళు విదేశం నుంచి చూడ్డానికి వచ్చారు. ధ్యానం తరగతి కూడా చూపించాలని నిర్ణయమైంది. భోజనాల హాల్లో కొత్త తెరలు వేలాడదీశారు. మాకందరికీ తెల్ల జాకెట్లు ఇచ్చారు. ముందురోజే చింతక సర్ చెప్పాడు. గంట కొట్టాలి, కూర్చోవాలి, మళ్ళీ గంట కొట్టాలి, నవ్వుతూ లేవాలి.

వచ్చినవాళ్ళలో తెల్లజుట్టు ఆవిడ ఒకామె ఉంది. మాతోపాటే కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. రెండో గంట కొట్టాక లేవలేదు. ఆవిడ మాటలు మా భాషలోకి తిప్పి చెప్పే కొలంబో అమ్మాయి వైపు తిరిగి ఏదో అంది. ఆ అమ్మాయి మాకు చెప్పింది. "ఈ మౌనంలో మీకేమనిపిస్తుందని మేడమ్ అడుగుతున్నారు."

ఎవరూ పలకలేదు. చింతక సర్ శ్రియక్క వైపు చూశాడు. ప్రశాంతంగా ఉందనో, సంతోషంగా ఉందనో ఒక్క మాట ఆమె అంటే అయిపోయేది. ఆమె అనలేదు. గంట పక్కన చేతులు పెట్టుకుని కూర్చుంది. హాలు అలాగే ఉండిపోయింది. బయట లారీ వెనక్కి వస్తున్న చప్పుడు వినపడింది. చింతక సర్ గొంతు సవరించుకుని నోరు తెరవబోతే, శ్రియక్క అతని వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది, కాస్త ఆగండి అన్నట్టు.

అప్పుడు తలుపు దగ్గరినుంచి ఇషార మాట్లాడింది. లేవలేదు. గొంతు చాలా చిన్నది.

"నాకు నా బిడ్డ గుర్తొస్తుంది. కూర్చున్నప్పుడల్లా అదే. ఏప్రిల్లో లైను మీద పోయింది. మెడికల్ రూమ్‌కి వెళ్తానని రెండుసార్లు అడిగాను. ఈ మిస్సే ఆగమంది."

కొలంబో అమ్మాయి చింతక సర్ మొహం చూసింది, చెప్పాలా వద్దా అని. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు.

శ్రియక్క కొలంబో అమ్మాయితో అంది. "చెప్పమ్మా. ఆమె చెప్పింది నిజమే. రెండుసార్లు అడిగింది. ఎవరు లేచినా లైను ఆగకూడదని మాకు పైనుంచి మాట ఉంది. కానీ ఆగమన్న నోరు నాది. ఆమె భుజం తట్టి మరీ ఆగమన్నాను."

ఆ అమ్మాయి నేల చూస్తూ మొత్తం చెప్పింది. తెల్లజుట్టు ఆవిడ ఇషార దగ్గరికెళ్ళి ఏదో అనబోయి, మాట తిప్పి చెప్పే అమ్మాయి వెనక లేదని గుర్తొచ్చి, ఊరికే నిలబడిపోయింది.

తర్వాత జరిగింది మామూలే. విచారణ అన్నారు. చింతక సర్ ఒక్కొక్కరినీ పిలిచి నెమ్మదిగా మాట్లాడాడు. ఆఖరికి సూపర్‌వైజరు వ్యక్తిగత నిర్లక్ష్యం అని తేల్చారు. పైనుంచి ఆ మాట ఎవరైనా అన్నట్టు రుజువు కాలేదు. శ్రియక్కని పనిలోంచి తీసేశారు. మెడికల్ రూమ్‌కి వెళ్ళాలంటే సూపర్‌వైజరుని అడగక్కర్లేదని గోడమీద కాగితం అంటించారు. అది మాత్రం నిజంగానే అమలైంది, ఇప్పటికీ ఉంది. ధ్యానం కూడా ఆపలేదు. టీ తర్వాత స్పీకర్లో ఎవరిదో తియ్యటి గొంతు వస్తుంది, వెనకాల పిల్లనగ్రోవి. క్షణం ఖాళీ లేకుండా చెబుతూనే ఉంటుంది.

హాల్లో రెండు రకాలుగా అనుకున్నారు. "తెల్లవాళ్ళ ముందు మంచిదనిపించుకుంది" అన్నవాళ్ళున్నారు. "కాదని ఉంటే పైవాళ్ళు నమ్మేవాళ్ళే, అయినా అవునంది" అన్నవాళ్ళున్నారు. ఇషార ఏ గుంపులోనూ చేరలేదు. తనని ఎవరైనా అడిగితే, "అడిగారు, జరిగింది చెప్పాను" అనేది.

పని పోయాక శ్రియక్క మళ్ళీ కొండెక్కింది. అక్కడే ఉండిపోతానని బిసోమెనికెతో అందట.

"ఇక్కడ హాయిగా ఉందా?" అనడిగింది ముసలావిడ.

"ఉంది టీచర్. ఇప్పుడు చప్పుడు లేకపోతే భయం లేదు."

"అయితే ఇక్కడ నీకేం పని? కిందకి వెళ్ళు. ఆదివారాలు నేర్పు. నలుగురొచ్చినా చాలు. అందులో ఎవరైనా నిన్ను తిడితే లేచిపోకు."

"నేర్పడానికి నాకేం అర్హత ఉంది?"

బిసోమెనికె దానికి జవాబు చెప్పలేదు. శ్రియక్క కూడా ఈసారి జవాబు కోసం గొడవ చెయ్యలేదు.

ఇప్పుడామె సీదువ దగ్గర రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. ఆదివారం పొద్దున్నే మా బోర్డింగుల వెనక ఉన్న గుడి ధర్మశాలలో చాపలు పరుస్తుంది. నేను వెళ్తాను. జోన్ పిల్లలు కొందరు వస్తారు, బోర్డింగ్ యజమానురాలు వచ్చి నిజంగానే గురక పెడుతుంది. కొన్ని ఆదివారాలు శ్రియక్క కళ్ళు ఎర్రగా ఉంటాయి. నిద్ర పట్టలేదా అంటే, "ఆ స్టూలు" అంటుంది, అంతే. మేం కూర్చుంటాం.

ఇషార ఒక్కసారి వచ్చింది. జోరున వాన. మొగుడి ఆటో గేటు దగ్గర ఆగి ఉంది. గొడుగు మూలన పెట్టి వెనక చాప మీద కూర్చుంది. ఆ రోజు కళ్ళు మూసుకుందో లేదో నాకు తెలీదు, నేను వెనక్కి తిరగలేదు. అయిపోయాక శ్రియక్క లేచి ఆమె వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. ఏదో అంటుందనుకున్నాను. ఇషార గొడుగు దులుపుకుంటూ పైకి చూసింది.

"ఆ ఫ్యాను కిర్రుమంటోంది. నూనె వేయించండి" అంది.

"వేయిస్తాను" అంది శ్రియక్క.

ఆటో వెళ్ళిపోయింది. మర్నాడు శ్రియక్క దుకాణం నుంచి వస్తూ మనిషిని పిలుచుకొచ్చి ఫ్యానుకి నూనె వేయించింది. తర్వాతి ఆదివారం వెనక ఒక చాప ఎక్కువ పరిచింది. ఎవరూ రాలేదు. తరగతి అయ్యాక ఇద్దరం చాపలు చుట్టి గోడకి ఆనించి, ఆ రోజూ పట్టుకున్న వాన తగ్గేదాకా గుడి మెట్లమీద కూర్చుని ఇంటికొచ్చాం.